పంటు బొమ్మ కేసెట్లు

మా పెదనాన్నగారు పోయారన్న కబురు నాకు కాలేజీ స్టాఫ్ రూములో, ఫోనులో మెసేజీగా వచ్చింది. మిగిలిన ఒక్క క్లాసూ చెప్పేసే బయల్దేరాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. ఆయన మాత్రం తప్పుపట్టి ఉండరనుకుంటాను. పాట సగంలో ఎవరు లేచినా ఆయనకి గిట్టేది కాదు.

రాజోలు బస్టాండు దగ్గర ఆయనకి రేడియోలు బాగుచేసే కొట్టుండేది. వెనకగది గోడలకి కొబ్బరిపీచు చాపలు కొట్టించి, అందులో కేసెట్ల కంపెనీ పెట్టారు. కంపెనీ అంటే ఒక డెక్కు, రెండు మైకులు, ఆయన, కాలేజీ సెలవుల్లో నేను. అట్ట మీద మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు బొమ్మ. దాని కింద పేర్లు రాయడం నా పని. సినిమా పాటల జోలికి ఆయన పోలేదు. "వాటికి నేను లేకపోయినా జరుగుతుందమ్మా," అనేవారు.

వరినాట్లప్పుడు పాడే ఊడ్పుల పాటలకని ఒకసారి అల్లవరం వైపు నుంచి ఆరుగురు ఆడవాళ్ళని పిలిపించారు. కుర్చీల్లో కూర్చోబెడితే ఒక్కరికీ గొంతు పెగల్లేదు.

"నడుం వంచకపోతే పాట రాదండీ బాబూ," అంది వాళ్ళలో పెద్దావిడ.

"ఆయ్, అయితే వంచండమ్మా."

మైకులు మోకాలెత్తుకి దించారు. ఎక్కణ్ణించో రెండు నారుకట్టలు తెప్పించారు. వాళ్ళు గచ్చు మీద వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, లేని చేలో నాట్లు వేస్తూ పాడారు. చివర్లో ఆ పెద్దావిడ నడుం పట్టుకుని లేచి, "ఊడ్చేసేమండీ. కోతలకి మాత్రం మమ్మల్ని పిలవకండి," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు కూడా కేసెట్లో ఉంది. తీసేయమని నేనంటే ఆయన ఒప్పుకోలేదు.

ఆ గదికి ఇంకో పనీ ఉండేది. మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉన్న భర్తలకి ఉత్తరం రాయలేని ఆడవాళ్ళు అక్కడికొచ్చి మాటలు రికార్డు చేయించుకునేవారు. పెదనాన్నగారు బటను నొక్కి బయటికెళ్ళి నిలబడేవారు. తరవాత ఆ మాటల్ని వాళ్ళు తెచ్చుకున్న కేసెట్టుకి ఎక్కించి ఇచ్చేవారు.

కేసెట్టు వెనక అంచున, ఒక్కో వైపుకి ఒక్కోటి, రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. పాట పూర్తవగానే రెండూ విరవాలని ఆయన నియమం. "రికార్డు బటను దిగితే ఖాళీ కేసెట్టు, దిగకపోతే పాట. అంతకు మించి గుర్తుపెట్టుకోలేనమ్మా," అనేవారు. విరిచే పని నాకప్పగించారు.

ఊడ్పుల పాటల మర్నాడు పొద్దున్నే ఒకావిడ పరుగున వచ్చింది. కువైట్ వెళ్ళే మనిషి బస్టాండులో ఉన్నాడంది. డెక్కులో కేసెట్టు ఉంది. ఆయన బటను నొక్కారు. దిగింది.

అలా ఊడ్పుల ఆఖరి పాట వెనకాల ఆవిడ మాటలు పడ్డాయి. అత్తగారు అన్నం దగ్గర చూసే చూపు గురించి, ఆపైన డబ్బక్కర్లేదు వచ్చేయమని ఏడుపు. ఆఖరి పాట దాకా విని ఆపేసి, పెదనాన్నగారు దాన్ని కాపీలకి పంపేశారు. కేసెట్లు రాజోలు కొట్లకీ, అప్పనపల్లి గుడి దగ్గర బడ్డీలకీ వెళ్ళిపోయాక ఒక కొట్టాయన వచ్చి ఆ మాటల సంగతి చెవిలో చెప్పాడు.

అవి అత్తగారి చెవిన పడితే ఆ పిల్లకి ఆ ఇంట్లో నిలువనీడ ఉండదు. పెదనాన్నగారు నన్ను స్కూటరెక్కించుకుని ఊరూరా తిరిగారు. నిజం చెబితే జనం వింటారు కదా! అందుకని ప్రతి చోటా ఒకటే మాట: "ఆఖర్న గరగరండీ, మార్చిస్తాను." ఒక కేసెట్టు ఆ ఇంటికే చేరిందని తెలిసింది. కొన్నది అత్తగారే.

"నాకేం గరగర వినపళ్ళేదండీ. రెండో వైపు ఇంకా పెట్టనేలేదు," అంది ఆవిడ అరుగు మీద కూర్చుని.

"వింటే చెవులు పోతాయండీ అత్తయ్యగారూ. దీనికి బదులు రెండు భక్తి కేసెట్లిస్తాను."

"భక్తి నాకెందుకండీ? నేను ఊడ్చిన పాటలవి."

వెనక గుమ్మం పట్టుకుని కోడలు నిలబడింది. అప్పటికి ఆమెకి విషయం తెలుసు. పెదనాన్నగారు ఆమె వైపు చూడలేదు. "అవే పాటలు కొత్త కేసెట్టులో రేపే తెస్తానండీ. నా కంపెనీ పరువు మీ చేతిలో ఉంది," అన్నారు. ఆవిడ లోపలికెళ్ళి కేసెట్టు తెచ్చి, "పరువన్నారు కాబట్టి," అంటూ ఇచ్చింది. మర్నాడు ఆయన అన్నట్టే కొత్తది పట్టుకెళ్ళారు.

కోడలి పరువు దక్కింది. కంపెనీ పరువు దక్కలేదు. పంటు బొమ్మ కేసెట్లు గరగరమంటాయన్న పేరు స్థిరపడిపోయింది. కొట్లవాళ్ళు తీసుకోవడం మానేశారు. మరి కొన్నాళ్ళకి ఎటూ సీడీలొచ్చేవి, కంపెనీ మూతపడేదే అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. పెద్దమ్మ అడిగితే ఆయన, "రెక్కలు విరవడం నేనే మర్చిపోయేను," అన్నారు. నేను రెండూ విరిచాననే అనుకున్నాను. అడగలేదు. ఇరవయ్యేళ్ళకి పైగా అడగలేదు.

పెద్దకర్మ అయ్యాక పెద్దమ్మ ఒక అట్టపెట్టె ఇచ్చింది. "నీ చేతిరాతే కదే, నువ్వే ఉంచుకో." అందులో ఊడ్పుల పాటల అసలు కేసెట్టు ఉంది. తిప్పి చూశాను. ఒక వైపు రెక్క విరిగి ఉంది. రెండో వైపుది అలాగే ఉంది.

ఇంటికొచ్చి రెండో వైపు పెట్టాను. ఆఖరి పాట, నవ్వు ఉన్నాయి. ఆ తరవాత ఆ కోడలి మాటలు లేవు. ఆయన వాటి మీద ఖాళీ గదిని రికార్డు చేశారు. మైకు ఆపడం మర్చిపోయారో, కావాలనే వదిలేశారో. బస్సు హారను, కుర్చీ కిర్రుమనడం, ఒక దగ్గు. అన్ని కేసెట్లలోనూ ఆయన గొంతు ఎక్కడా లేదు. ఉన్నది ఆ దగ్గొక్కటే.

పిన్నీసుతో రెండో రెక్క విరిచాను. అరచేతిలో మినపగింజంత నల్ల ముక్క పడింది.