రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర

ఆదివారం పొద్దున మరినేజ్ తన కొత్త పాటను సీడీల తోపుడు బండి దగ్గర నిలబడి ఐదుసార్లు పెట్టించుకుంది. బండి నడిపే ఎడిల్సన్‌కు విసుగొచ్చింది.

"అక్కా, పాడింది నువ్వే కదా! మరిచిపోయావా ఏంటి?"

"నోర్మూసుకుని ఇంకోసారి పెట్టు."

పాట బాగానే ఉంది. చిక్కంతా మధ్యలో ఉన్న పలకరింపుతో. "పిడుగు సెట్టు ఒరివాల్దో అన్నకు నా ముద్దులు!" బెలేం ఊళ్లో ఇలాంటి పలకరింపు లేకుండా పాట బయటికి రాదు. పేటల్లో డాన్సులకు పాటలు వేసే సౌండు సెట్టు వాళ్లు ఎదుటివాడి పేరున్న పాటను ముట్టుకోరు. అందుకే గాయకులు ఒకే పాటను ఒక్కో సెట్టుకు ఒక్కో పేరుతో పాడి ఇస్తారు. మరినేజ్ మాత్రం ఒక్క పేరుతోనే పాడింది. మూడేళ్ల కిందట ఆమె మొదటి ఆల్బమ్‌ను ప్రతి ఆదివారం వేసి, ఊరూరా పాడించింది ఒరివాల్దోనే. ఆ కృతజ్ఞతలో మిగతావాళ్లు గుర్తుకు రాలేదు.

ఇప్పుడు ఒరివాల్దో సెట్టు పుట్టినరోజులకే పరిమితం. ఊరంతా గిల్మార్ నడిపే 'నదిరాజు' సెట్టు వెంట ఉంది. అతను వేయకపోతే రెండో ఆల్బమ్ బండ్ల మీదే ఎండిపోతుంది. ఆమె మళ్లీ మునుపటిలా నది లాంచీలో, ఉయ్యాలలు కట్టుకుని నిద్రపోయే ప్రయాణికులకు పాడుకోవాలి.

మధ్యాహ్నం వాన వెలిశాక జురునాస్ పేటలో 'నదిరాజు' వేదిక ఎక్కి గిల్మార్ ముందు నిలబడింది. అన్నం దిగలేదు, అసాయి పళ్ల రసం కూడా తాగలేదు.

"ఒరివాల్దోకు ముద్దులు, నాకు సీడీలా?" అన్నాడు గిల్మార్. "మూతి కడుక్కుని రావాల్సింది వదినా!"

"రేపే నీ పేరుతో పాడి ఇస్తా. ఇవాళ మాత్రం వెయ్యి."

"వాడి పేరు తీసేసి పాడు. అన్ని బండ్లకూ అదే ఇవ్వు."

ఆమె కాసేపు చేతిలోని సీడీని తిప్పింది. "తియ్యను. నీది ఇంకోటి పాడతా. ఆయనది అలాగే ఉంటుంది."

గిల్మార్ ఇంకెవరిదో సీడీ అందుకున్నాడు. కానీ కింద జనం అప్పటికే ఆ పాటే కావాలని అరుస్తున్నారు. బండ్ల మీద కొనుక్కుని వారంగా వింటున్నవాళ్లు. అతను ఆమె చేతిలోని సీడీ లాక్కుని పెట్టాడు.

రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర, పలకరింపుకు ఒక్క క్షణం ముందు, ఠక్కున ఆపాడు. తన పేరు చెప్పబోయి మైకు నోటి దగ్గరికి తీసుకునేలోగా చిందులేస్తున్నవాళ్లంతా ఒక్క గొంతుతో "ఒరివాల్దో అన్నకు నా ముద్దులు!" అని అరిచేశారు.

గిల్మార్ మొహం గంటు పెట్టుకున్నాడు. మరినేజ్ స్పీకర్ల వెనక్కి నక్కింది. సంతోషించాలో, పారిపోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఆరులోగా అతను ఆ పాటను ఇంకో మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ అక్కడే ఆపి, మైకును జనం వైపు తిప్పాడు.