బూడిదకోటు గుండీలు

మనిషి ఎదురుపడగానే ముందు ముఖం చూడాలా, గుండీలు చూడాలా అన్న ప్రశ్నను మానవజాతి ఏనాడూ తీరిగ్గా చర్చించలేదు. అందరూ ఆలోచించకుండా ముఖం పక్షం చేరిపోయారు. గుండీల పక్షాన ఒంటరిగా నిలబడ్డవాడు మా వీధి దర్జీ. ఆయనకీ అలవాటు ఏ సంవత్సరంలో అబ్బిందో చెప్పే ఆధారాలు దొరకలేదు గానీ, పెళ్ళినాటి ఫోటో చేతికిచ్చి "ఇందులో నేనెలా ఉన్నాను?" అని భార్య అడిగినప్పుడు, "మూడో హుక్కు ఊడింది" అని జవాబిచ్చిన నాటికే అది ముదిరి ఉందని ఆమె సాక్ష్యం. మరోసారి వీధిలో ఎవరిదో గొలుసు తెగింది. దొంగ ఈయన పక్కనుంచే పరుగెత్తాడు. ముఖం ఎలా ఉందో చెప్పలేకపోయిన దర్జీ, వాడి చొక్కాకు నాలుగు బెజ్జాల తెల్ల గుండీలున్నాయనీ, అందులో రెండోది వేరే దారంతో కుట్టారనీ పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాడు. దొంగ దొరకలేదు. చొక్కా దొరికింది.

ఈ అలవాటు ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కామిక్స్ ప్రపంచంలోకి అడుగుపెట్టింది.

దర్జీ కొట్టంటే రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, బట్టలు వేసుకుని చూసుకోవడానికి మూల ఒక తెర, ఆ తెర బయట ఒక బల్ల. బల్ల మీద పిల్లల కోసమని ఆయన కామిక్ పుస్తకాలు పడేసి ఉంచేవాడు. పిల్లలు వాటిని ఎంత చదివారో తెలియదు. ఆయన మాత్రం నాలుగింటికి మిషను ఆపి, చేతులు కడుక్కుని, టీ చల్లారేదాకా చదివేవాడు. వాటిలో ఆయన ప్రాణం పెట్టుకున్నది "బూడిదకోటు". నగరంలో దొంగల్ని పట్టే ఒక మనిషి కథ. ముఖం మీద ఎప్పుడూ టోపీ నీడ, ఒంటి మీద పొడుగాటి బూడిదరంగు కోటు. నలభై ఒకటో సంచిక చివర్లో ఆ మనిషి వంతెన మీంచి నదిలో పడిపోతాడు. నలభై రెండో సంచికలో, ఏమీ జరగనట్టు, దొంగల వెంట పరుగెడుతూ కనిపిస్తాడు. ఎలా బతికాడో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. పాఠకలోకం హమ్మయ్య అనుకుంది. దర్జీ టీ కప్పు కింద పెట్టాడు.

కోటు గుండీలు పక్క మారాయి.

మగవాళ్ళ కోటుకు ఎడమ పక్క బట్ట పైకి వస్తుంది, ఆడవాళ్ళ కోటుకు కుడి పక్క పైకి వస్తుంది. ఇది దర్జీకి ఎంత సహజమో, తక్కిన ప్రపంచానికి అంత అనవసరం. నలభై ఒకటి దాకా బూడిదకోటుకు ఎడమ పక్క పైన ఉంది. నలభై రెండు నుంచి, చివరిదైన తొంభై ఆరో సంచిక దాకా, ప్రతి బొమ్మలోనూ కుడి పక్క పైన ఉంది. ఇంకో సంగతి. మొదటి నుంచీ కథలో ఆ మనిషికి తపాలా ఆఫీసులో స్టాంపులమ్మే చెల్లెలు ఒకతె ఉండేది. నలభై రెండు నుంచి ఆమె జాడ లేదు. దర్జీ ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. అంచులు కలిశాయి. అన్న నదిలో పోయాడు. ఆ సంగతి దొంగలకు తెలియకూడదని చెల్లెలే కోటు తొడుక్కుంది. కాకపోతే ఆ కోటు ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాడి దగ్గర కుట్టించుకుంది. దొరికిపోయింది అక్కడే.

ఆ రోజు నుంచి ఈ సిద్ధాంతాన్ని ఆయన కొలతలు తీసేటప్పుడు బోధిస్తూ వచ్చాడు. చేతులు రెండూ చాపి, మెడ చుట్టూ టేపుతో నిలబడ్డ మనిషి ఎక్కడికీ పోలేడు. ఛాతీ కొలిచేలోపు అన్న చచ్చిపోయేవాడు, నడుము దగ్గరికొచ్చేసరికి చెల్లెలు కోటు వేసుకునేది. పొడుగాటి మనుషులకు సాక్ష్యాధారాలు కూడా అందేవి.

పక్క కొట్టులో జిరాక్సు మిషను నడిపే బావమరిది మొదట్నుంచీ విరోధపక్షం.

"బావా, ఆ ప్రెస్సువాడు బొమ్మ తిరగేసి అచ్చేసుంటాడు. నా దగ్గర రోజుకు పది తిరగబడతాయి."

"తిరగేస్తే జేబు కూడా తిరగాలి కదరా. జేబు ఎడమ పక్కే ఉంది, చూడు."

"అయితే గీసినవాడు నిద్రమత్తులో గీసుంటాడు."

"యాభై అయిదు సంచికలా?"

ఇక్కడికి వచ్చాక జిరాక్సు పక్షం దగ్గర సరుకు అయిపోయేది. అయినా ఓడిపోయానని మాత్రం అనేవాడు కాదు.

ప్రచురణకర్తలకు దర్జీ పద్నాలుగు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. బొమ్మలు గీసిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. ప్రతి పుస్తకం చివరా సంతకానికి బదులు ఒక సిరాచుక్క ఉండేది, అంతే. అభిమానులంతా "సిరాచుక్కగారు" అనే అనేవారు. అలాంటిది ఈ ఏడు కామిక్స్ మేళాలో సిరాచుక్కగారు మొట్టమొదటిసారి వేదికెక్కి పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తారని ప్రకటన వచ్చింది.

ఇంట్లో ఈ విషయం మీద తీర్పు వెలువడింది. ఇచ్చింది భార్య.

"ఇదిగోండి, చెబుతున్నాను వినండి. వెళ్ళండి, ఆయన్నే అడగండి. ఔనన్నాడా, జీవితాంతం చెప్పుకోండి, నేనే కుర్చీ వేసి కూర్చోబెడతాను వచ్చినవాళ్ళని. కాదన్నాడా, ఇంక ఆ చెల్లెలి ఊసు కొట్లో ఎత్తకూడదు. మొన్న ఎదురింటాయన చొక్కా గుడ్డ పట్టుకుని మన కొట్టు దాటిపోయి రెండు వీధుల అవతల కుట్టించుకున్నాడు. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?"

"పోయినసారి మీ బూడిదకోటు నదిలో పడ్డంతసేపూ ఈయన చేతులు చాపుకుని నిలబడ్డాడట. భుజం పట్టేసింది."

దర్జీ తీర్పుకు తలొగ్గాడు. ఓడిపోతానన్న భయం లేదు గనక తేలిగ్గానే తలొగ్గాడు. నెల రోజులు కూర్చుని బూడిదరంగు ఉన్నిగుడ్డతో తన కొలతలకు ఒక పొడుగాటి కోటు కుట్టుకున్నాడు. కుడి పక్క పైకి వచ్చేలా. బయల్దేరే రోజు ఉదయం భార్య దాన్ని ఇస్త్రీ చేసి ఇస్తూ, "అలవాటు లేని పక్క కదా, గుండీలు పెట్టుకోవడం వస్తుందా, నన్ను పెట్టమంటారా?" అని మాత్రం అడిగింది.

మేళా ఒక పెద్ద ప్రదర్శనశాలలో. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒక అమ్మాయి, వేషాలతో వచ్చినవాళ్ళకు పాత్ర పేరు రాసిన అట్టముక్క మెడలో వేస్తోంది.

"ఏ పాత్రండీ? బూడిదకోటే కదా?"

"కాదమ్మా. చెల్లెలు."

అమ్మాయి యాభై నాలుగేళ్ళ ఆ మనిషినీ, ఆయన మీసాన్నీ కాసేపు చూసింది. అప్పటికే ఒంటినిండా ఆకుపచ్చ రంగు పూసుకున్న ఒక ముసలాయన్నీ, ఇద్దరు కలిసి తొడుక్కున్న ఒక గుర్రాన్నీ లోపలికి పంపి ఉంది కాబట్టి ఇంకేమీ అడగకుండా "చెల్లెలు" అని రాసి ఇచ్చింది.

బావమరిది తీర్పుకు సాక్షిగా వెంట వచ్చాడు. ఆ అట్టముక్క చదివి గంభీరంగా అడిగాడు.

"మరి ఇప్పుడు నిన్ను బావా అనాలా, వదినా అనాలా?"

"నోరు మూసుకుని నడువు."

"అలాగే వదినా."

హాలు నిండిపోయింది. వేదిక మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో కార్యక్రమం నడిపే కుర్రవాడు. రెండోదాంట్లోకి, చప్పట్ల మధ్య, డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బ్యాంకులో తన నంబరు పిలిచేదాకా కాచుకున్నట్టు హాలంతా ఒకసారి కలయజూసింది.

"బావా," అన్నాడు బావమరిది మెల్లగా, "ఆయన ఆవిడ."

దర్జీ వినలేదు. ఆవిడ స్వెట్టరుకు పైనుంచి నాలుగో గుండీ ఊడితే మళ్ళీ కుట్టించినదని గమనిస్తున్నాడు.

కార్యక్రమం నడిపే కుర్రవాడు ప్రశ్నలకు నియమాలు చదివాడు. మనిషికి ఒక్క ప్రశ్న. ఉపన్యాసాలు వద్దు. మైకు ముందు వరస కట్టారు. దర్జీ జేబులో నాలుగు పేజీల ప్రశ్న ఉంది. దాన్ని కత్తిరించి ఒక పేజీకి తేవాలని మనసులో కొలతలు వేసుకుంటూ వరసలో నిలబడ్డాడు.

ముందున్నవాళ్ళ ప్రశ్నలకు వస్తున్న జవాబులు ఆయనకు కొంచెం దిగులు కలిగించాయి. ఆ లోతైన నలుపు రంగు కోసం ఏ సిరా వాడేవారని ఒకరు అడిగితే, కొట్టువాడు ఏదిస్తే అది అందావిడ. బొమ్మల్లో వెనక వీధులన్నీ నిర్మానుష్యంగా ఉంటాయి, నగరజీవితంలోని ఒంటరితనానికి అది సంకేతమా అని కళ్ళద్దాలాయన ఒకరు అడిగారు.

"మనుషుల్ని గీయాలంటే చాలా టైం పడుతుంది బాబూ," అందావిడ.

సరిగ్గా అప్పుడే దర్జీ కళ్ళు పనిలోకి దిగాయి. తన ముందు నిలబడ్డ అమ్మాయి వీపున రెండు పెద్ద అట్టరెక్కలు కట్టుకుని ఉంది. ఆ బరువుకు ఎడమ భుజం దగ్గర కుట్టు విడిపోతోంది.

"అమ్మా, కదలకు."

"ఏంటి అంకుల్?"

"కుట్టు విడిపోతోంది. ఇంకో రెండు నిమిషాల్లో రెక్క ఊడి చేతికొస్తుంది."

"పర్లేదులెండి, అయిపోవచ్చిందిగా."

"చూడకముందైతే పర్లేదు. చూశాక ఎలా ఊరుకుంటాను?"

కాలరు వెనక గుచ్చుకున్న సూది తీశాడు. అందులో ఎప్పుడూ దారం ఉంటుంది. కుట్టడం మొదలుపెట్టాడు. వరస కదిలింది, అమ్మాయి కదిలింది, వెనకే సూదితో ఆయనా కదిలాడు. ఆరో కుట్టు దగ్గర మైకు వచ్చేసింది.

"ఇదే చివరి ప్రశ్న," అన్నాడు వేదిక మీది కుర్రవాడు.

అమ్మాయి మైకు వైపు, తన భుజం వైపు చూసుకుంది.

"మీరడగండి అంకుల్. వీపు మీద సూది ఉంటే నాకసలు ఏం అడగాలనుకున్నానో గుర్తు రావట్లేదు."

అలా ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూసిన ఘడియ వచ్చింది. ఎవరో ఒక అమ్మాయి రెక్కకు దారంతో ముడిపడి, కుడిచేతిలో సూదితో, మెడలో చెల్లెలన్న అట్టముక్కతో దర్జీ మైకు ముందు నిలబడ్డాడు. జేబులోని కాగితం తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. దాంతో ఉపన్యాసం తప్పిపోయింది. నలభై ఒకటో సంచికలో గుండీలు ఏ పక్కో, నలభై రెండులో ఏ పక్కో చెప్పాడు. జేబు మారలేదన్నాడు. చెల్లెలు మళ్ళీ కనిపించలేదన్నాడు.

"ప్రశ్న ఏంటండీ?" అన్నాడు కుర్రవాడు.

"నలభై రెండు నుంచి ఆ కోటులో ఉన్నది అన్న కాదు, చెల్లెలు. ఔనా, కాదా అమ్మా?"

హాల్లో గుసగుసలు లేచాయి. ముందు వరసలో ఎవరో సంచిలోంచి పాత సంచిక తీసి గుండీలు వెతుకుతున్నారు. "నిజమేరా, కుడి పక్కే" అన్న మాట రెండు మూడు వరసలు దాటి వెనక్కి పాకింది. కళ్ళద్దాలాయన లేచి నిలబడి మరీ చూస్తున్నాడు.

పెద్దావిడ చేతిసంచి పక్కన పెట్టింది. ఆ సాయంత్రం మొదటిసారి ముందుకు వంగి అడిగింది.

"మీరేం చేస్తారు?"

"దర్జీనమ్మా."

"అదీ. ఇన్నేళ్ళలో ఇది ఒక్కరూ కనిపెట్టలేదు. మా అచ్చాఫీసువాళ్ళూ కనిపెట్టలేదు. మీరన్నది నిజం. అది ఆడవాళ్ళ కోటే."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. రెక్కల అమ్మాయి కూడా, దారం తెగకుండా జాగ్రత్తపడుతూ, చప్పట్లు కొట్టింది. దర్జీ వెనక్కి తిరిగి బావమరిది కోసం వెతికాడు. బావమరిది తల వంచుకుని ఉన్నాడు. చొక్కా గుడ్డతో ఎదురింటాయన తిరిగి రావడం, బల్ల పక్కన భార్య వేయబోయే కుర్చీ, అన్నీ ఒక్కసారిగా దర్జీ కళ్ళ ముందు కదిలాయి.

చప్పట్లు ఆగేదాకా ఆవిడ ఓపిగ్గా కూర్చుంది.

"కోటు ఎదురుగా లేకపోతే నాకు గీయడం రాదండీ," అంది. "గోడకు మేకు కొట్టి, మా ఆయన కోటు తగిలించుకుని, దాన్ని చూసి గీసేదాన్ని. నలభై ఒకటో సంచిక అయ్యాక ఆయనకి ఉద్యోగం దొరికింది. పొద్దున్నే అది వేసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంక నాది తగిలించుకున్నాను."

కుర్రవాడు మైకు దగ్గరకు లాక్కున్నాడు. "మరి చెల్లెలు ఏమైందండీ?"

"ఆ అమ్మాయి మొహం నాకెప్పుడూ సరిగా కుదరలేదు బాబూ. మానేశాను."