మిద్దె తూములో రొట్టెలు

భూమేష్‌తో వేగడం నా వల్ల కాలేదు. జగిత్యాల దగ్గరి మనిషి. జెద్దాలో మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఉన్న మూడు ఇళ్ల మరమ్మతులన్నీ అతనివే. కుళాయి కారుతోందంటే పదిసార్లు పిలవాలి. మిద్దె మీది తూము దగ్గరికి మాత్రం పిలవకుండానే ప్రతి శుక్రవారం ఊడిపడేవాడు. సెలవు రోజున షరఫియా బజారుకు పోయి నలుగురితో టీ తాగొచ్చు కదా! ఊహూ. మోకాళ్ల మీద కూర్చొని తూములోంచి ఇసుక, పావురాల ఈకలు తోడేవాడు. తోడినంతసేపూ నన్ను సాధించేవాడు.

"మేరాజక్కా, మల్ల రొట్టెలేసినవా? నాని పిండైతయ్, ఇసుకల కలిసి గట్టివడ్తయ్. నీళ్లు పొయ్యే తొవ్వ మూస్తే అవి ఇంట్లకే తొవ్వ జేస్కుంటయ్. లోపట సలాకలు తుప్పువట్టి స్లాబు పెచ్చులూడ్తది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"యాడాదికి రెండు వానలు పడే ఊర్లో ఈ గోలేందన్నా! పావురాలు తింటాయిలే."

నాది కడప. పిల్లల్ని ఊర్లో వదిలి ఇంటి పనికొచ్చి తొమ్మిదేళ్లు. ఈ ఇంట్లో రొట్టెను చెత్తలో పారేస్తే పాపం. మిగిలింది సంచిలో కట్టి కింద గేటుకు తగిలించమని పెద్దామె, అంటే కఫీల్ తల్లి, చెప్పింది. మేకలవాళ్లు పట్టుకుపోతారు. అయితే నాలుగంతస్తులు దిగి ఎక్కడానికి నాకు ఒళ్లు బరువు. నా గది మిద్దె మీదే. అక్కడే విదిలిస్తే పని అయిపోయేది.

నిరుడు భూమేష్ తండ్రి పోయాడు. సెలవు దొరక్క కొరివి పెట్టలేకపోయాడు. సంవత్సరీకమన్నా తన చేత్తో పెట్టాలని కఫీల్ కాళ్లావేళ్లా పడ్డాడు. ఈ వానలకు మిద్దె కిందున్న తన అమ్మ గది కారకపోతే సెలవు కాగితం మీద సంతకం పెడతానన్నాడాయన. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే విదిలించాను.

నవంబరులో ఒక బుధవారం పొద్దున వాన దంచికొట్టింది. సంతకం పడితే శనివారమే అతని ప్రయాణం. గంటలో మిద్దె చెరువైపోయింది. పెద్దామె గది పైకప్పులో ముందు మరక, తర్వాత చుక్కలు, ఆపైన మంచం మీద పళ్లెమంత పెచ్చు. అదృష్టం కొద్దీ ఆమె హాల్లో ఉంది. భూమేష్ పరుగున వచ్చి తూములో భుజం దాకా చెయ్యి పెట్టి లాగాడు. వచ్చింది రొట్టెల ముద్ద.

వెనకే కఫీల్ వచ్చి ఏం అడ్డుపడిందని అరిచాడు.

"ఇసుక" అన్నాను.

భూమేష్ పిడికిలి మూసి నావైపు చూశాడు.

"అవును, ఇసుకనే" అన్నాడు.

కఫీల్ సంతకం పెట్టలేదు. సంవత్సరీకం తమ్ముడు పెట్టాడు. భూమేష్ మిద్దె మీద నిలబడి ఫోన్‌లో చూశాడు. అది అయిపోయేదాకా ఆగి, నేను ఉండబట్టలేక అరిచాను.

"నా పేరు చెప్పింటే పోయేవాడివి కదా! నోట్లో నాలుక ల్యా?"

"చెప్తే నిన్ను పనిలకెల్లి తీసి ఇంటికి పంపిస్తుండె అక్కా. నువ్వు పోతే నీ పోరగాండ్లకు పైసలెవరు పంపాలె?"

ఒళ్లు మండిపోయింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, లెక్క సరిపోయేది. వారం వారం నన్ను సాధించిన మనిషి, ఆ రోజు నుంచి నా దగ్గర రొట్టెల మాటే ఎత్తలేదు.