కారు బుర్రకి కొబ్బరినీళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఒకటుందని ఎవరైనా అంటే, పాపం తెలియక అంటున్నారులే అని జాలిపడేదాన్ని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, నందిగామ హైవే పక్కన మా మామయ్య నడిపే ఆటో ఎలక్ట్రికల్ షెడ్డులో చేరిన కొత్త. అప్పుడప్పుడే మావైపు కార్లలోకి కంప్యూటర్లు దూరుతున్నాయి. హారన్, వైపర్లు, లైట్లు, తలుపుల తాళాలు, అన్నిటిమీదా పెత్తనం చేసే ఓ నల్లటి పెట్టె డ్యాష్‌బోర్డు కింద కూర్చునేది. దాని పేరు బాడీ కంట్రోల్ మాడ్యూల్. అంత పేరు నోరు తిరగక షెడ్డులో అందరం దాన్ని ‘బుర్ర’ అనేవాళ్ళం. ఆ బుర్రకి తగిలించి జబ్బేమిటో చూసే స్కానరు మామయ్య కొన్నాడు గానీ, దాన్ని ముట్టుకోవాలంటే ఆయనకి భయం. నేను మాత్రం దాన్ని డాక్టరమ్మలాగా మెడలో వేసుకు తిరిగేదాన్ని. (వైరు పొడుగు. కాళ్ళకి చుట్టుకుని పడ్డ సందర్భాలు మామయ్య ఇప్పటికీ నలుగురిలో చెబుతాడు.)

మా నాన్న బడిపంతులు. కూతురు కార్ల కింద దూరడం ఆయనకి బొత్తిగా నచ్చలేదు. “వేసవి సెలవులయ్యేదాకా చూస్తా. పిల్లకి పనొచ్చిందని మీ మామయ్య తన నోటితో చెబితే సరే, లేదంటే మాట్లాడకుండా టీచర్ ట్రైనింగ్‌లో చేరు” అన్నాడు. మామయ్యా అంత తేలిగ్గా మాటిచ్చే రకం కాదు. “చూద్దాంలే బావా, చెయ్యి తిరగాలిగా” అని ఊరుకున్నాడు. నాకేమో ఆ షెడ్డంటే ప్రాణం. ఏదో ఒక గట్టి కేసు పట్టి నెగ్గుకురాకపోతే నా పని అయిపోయినట్టే.

సరిగ్గా అప్పుడొచ్చింది జగ్గయ్యపేట బెల్లంకొట్టాయన కారు. హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొని మురిపెంగా తెచ్చుకున్నాడు. దాని జబ్బు ఆయన మాటల్లోనే చెప్పాలి. “మండుటెండలో వైపర్లు ఆడతయ్యమ్మాయ్. చిల్లకల్లులో టీ తాగుదామని ఆపా. తాళాలు వాటంతటవే పడిపోయినయ్. లోపల నేను, బయట టీ. హారను ఆపకుండా మోగతానే ఉంది. సెంటర్లో జనమంతా వచ్చి చూశారనుకో. ఆఖరికి కిటికీలోంచి దిగా, పంచె సగం కారులోనే ఉండిపోయింది!”

నేను నవ్వు బిగబట్టుకుని స్కానరు తగిలించాను. తెరనిండా తప్పుల కోడ్లు. పెట్టె విప్పితే పిన్నులకి పచ్చటి చిలుము. శుభ్రంగా తుడిచి, కోడ్లన్నీ చెరిపేసి, “రాసిపెట్టుకోండి బాబాయిగారూ, ఇంక జన్మలో రాదు” అన్నాను. వారం తిరక్కుండా వచ్చింది. హారన్ మోగించుకుంటూ మరీ వచ్చింది. ఈసారి రిలే మార్చాను. మళ్ళీ వచ్చింది. వైరింగంతా చూశాను. మళ్ళీ వచ్చింది. మా షెడ్డులో బుద్ధిగా ఉండేది, కంచికచర్ల దాకా తిప్పినా కిక్కురుమనేది కాదు, ఇంటికి పోగానే పూనకం. దూరంనుంచి హారన్ వినబడితే చాలు, మామయ్య “డాక్టరమ్మా, నీ పేషెంటొస్తున్నాడు” అని కేకేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని గానీ లోపల ఏడుపొచ్చేది. సెలవులు అయిపోవస్తున్నాయి. నాన్న ట్రైనింగ్ కాలేజీ గురించి వాకబు మొదలుపెట్టాడు.

ఇక లాభంలేదని, ఇంకోసారి బాగుచేసిన రోజు నేనే స్కానరు తగిలించుకుని ఆ కారులో కూర్చున్నాను. చిల్లకల్లు దాటాం, ఉలుకూ పలుకూ లేదు. జగ్గయ్యపేటలో వాళ్ళ గుమ్మం ముందు ఆగగానే లోపల్నించి బెల్లంకొట్టాయన తల్లి, మామ్మగారు, “ఆగండి, దిగమాకండి!” అంటూ కొబ్బరికాయతో వచ్చేసింది. కారుకి దిష్టి తీసి, కాయ టప్పున కొట్టి, నీళ్ళన్నీ ముందద్దం కింద, వైపర్ల మొదట్లో గుమ్మరించింది. “ముఖం కడిగితేగాని దిష్టి పోదు” అంది. అక్కడ సన్నటి కంతలుంటాయి. నీళ్ళు గటగటా లోపలికి పోయాయి. ఆ కంతల కిందే బుర్ర!

నేను నోరు తెరిచేలోపు తెరమీద కోడ్లు బిలబిలా పుట్టుకొచ్చాయి. హారన్ అందుకుంది. వైపర్లు లేచి మిగిలిన కొబ్బరినీళ్ళని అద్దం మీద అటూ ఇటూ పులిమాయి. మామ్మగారు గుండెమీద చెయ్యేసుకుని, “చూశావా, ఎంత దిష్టి ఉందో! ఇంకో కాయ పట్రా అబ్బాయ్!” అని కొడుకుని కేకేసింది. బాగై వస్తే సంతోషానికో కాయ, చెడితే దిష్టికో కాయ. చిలుము కళ్ళారా చూసి కూడా, ఎండాకాలంలో ఈ తడి ఎక్కడిదని అడగలేదు చూడండి, అదీ నా డిప్లొమా.

ఇప్పుడీ సంగతి చెప్పడమెలా? (మాది ఆదివారం చర్చికెళ్ళే ఇల్లు. వాళ్ళ కొబ్బరికాయకి నేను వంకపెడితే ఇంకేమైనా ఉందా?) భయంభయంగా అన్నాను. “మామ్మగారూ, దీని బుర్ర సరిగ్గా అక్కడే ఉందండి. మాడు మీద నీళ్ళు పోసి తుడవకపోతే మనక్కూడా పడిశం పడుతుంది గదండీ.”

ఆవిడ కారు వంక చూసింది. నా వంక చూసింది. “ఆ మాట ముందే ఏడవొచ్చుగా! ఇన్నాళ్ళూ దాని నెత్తిన నీళ్ళు పోస్తుంటే ఏం చేస్తున్నావే? మరి ఎక్కడ పొయ్యాలంట?”

“టైరు మీద పొయ్యండి. కాళ్ళు కడిగినట్టుంటుంది.”

బుర్రని ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, పైనుంచి నీళ్ళు దిగకుండా కట్టుదిట్టం చేశాను. ఆ కారు మళ్ళీ మా షెడ్డు గుమ్మం తొక్కలేదు. మామయ్య నాన్న దగ్గరికెళ్ళి, “పిల్లకి చెయ్యి తిరిగింది బావా” అన్నాడు. నాన్న “సరే, స్కానరు మాత్రం మెడలో వేసుకోవద్దని చెప్పు” అన్నాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళకి నా సొంత కారు కొన్నప్పుడు ముందుగా జగ్గయ్యపేటే తీసుకెళ్ళాను. మామ్మగారు బాగా వంగిపోయింది. అయినా కొబ్బరికాయతో వచ్చి, కాయ కొట్టి, చిప్ప పట్టుకుని టక్కున ఆగింది. “ముందు చెప్పవే, దీనికి బుర్ర ఎటుందీ?” చూపించాను. జాగ్రత్తగా దానికి దూరంగా జరిగి నీళ్ళు టైరు మీద పోసింది. చిప్పలో మిగిలిన నాలుగు చుక్కలూ నా నెత్తిన చల్లి, “ఇక్కడ పోస్తే భయంలేదులే, లోపలేమీ లేదుగా” అంది.