పదకొండు రోజుల కొంగు

హిందూపురం నుంచి ధర్మవరం దాకా కంప్యూటరున్న ప్రతి కొట్టుకూ ఓబులేసు చుట్టమే. పాలిటెక్నిక్ రెండో ఏట చదువు మానేశాడు. అది చదువు చేసుకున్న దురదృష్టమే గానీ తనది కాదంటాడు. పెనుకొండలో ఒక విత్తనాల కొట్టు సర్వరు పెట్టెలో నాగుపాము పడుకొని ఉంటే, దాని నిద్ర చెడకుండా డిస్కు మార్చి వచ్చాడట. మొదటిసారి చెప్పినప్పుడు ఆ పాము మూరెడుండేది. ఇప్పుడు పన్నెండు అడుగులు దాటింది. ఇంకో రెండేళ్లు పోతే పెట్టెలో పట్టదు.

ఎన్ని కోతలు కోసినా పనిలో మాత్రం వంక పెట్టలేం. అందుకే మంగళవారం పొద్దున పెనుకొండ బస్టాండు పక్కన దోసె తింటుంటే ధర్మవరం నుంచి సత్యనారాయణ శెట్టి ఫోను చేశాడు.

"ఓబులేసూ, యాడుండావప్పా?"

"పెనుకొండలో ఉండా శెట్టిగారూ. దోసె సగంలో ఉండాది."

"దోసె వదిలేసి రా. మా సెంటర్లో దొంగతనం జరిగింది."

"దొంగతనానికి పోలీసులుండారు గదా. నేనొచ్చి ఏం చేస్తా?"

"పోయింది కంప్యూటర్లోంచి."

ఓబులేసు దోసె పూర్తి చేసే బస్సెక్కాడు. దొంగతనం ఎట్లాగూ జరిగిపోయింది, దోసె చల్లారితే మళ్లీ వేడి కాదు.

సత్యనారాయణ శెట్టిది పట్టుచీరల డిజైన్ సెంటరు. అంచులూ కొంగులూ కంప్యూటర్లో గీసి, మగ్గానికెక్కేలా తయారుచేసి నేతగాళ్లకు ఇస్తారు. అక్కడ నాలుగు కంప్యూటర్లు, మూల గదిలో ఒక సర్వరు. డిజైన్లన్నీ ఆ సర్వర్లోనే ఉంటాయి. నాలుగు కంప్యూటర్లలోనూ 'డిజైన్లు' అని ఒక ఫోల్డరు ఉంటుంది. కంప్యూటరు వేయగానే సర్వర్లోని సరుకంతా వచ్చి ఆ ఫోల్డరులో కూర్చుంటుంది, అందులో దాచిందల్లా సర్వర్లోకే చేరుతుంది. ఈ ఏర్పాటు చేసింది ఓబులేసే. చేసిన రోజు, బ్రహ్మదేవుడు వచ్చినా దీన్ని చెడగొట్టలేడని శెట్టికి మాటిచ్చాడు.

వెళ్లేసరికి గుమ్మం దగ్గర స్టూలు మీద నేతగాడు దేవప్ప కూర్చొని ఉన్నాడు. లోపల ప్రశాంతి తన కంప్యూటర్ ముందు చేతులు ఒళ్లో పెట్టుకొని ఉంది. ముదిగుబ్బ నుంచి రోజూ బస్సులో వచ్చే ఈ అమ్మాయి ఆరేళ్లుగా ఇక్కడ డిజైన్లు గీస్తోంది. పలకరిస్తే నవ్వే మనిషి ఈరోజు తల కూడా ఎత్తలేదు.

సంగతి శెట్టి చెప్పాడు. నల్లమాడలో ఒక రైతు ఇంట్లో పెళ్లి. వాళ్లకు శనక్కాయ పంట అచ్చివచ్చింది కాబట్టి పెళ్లికూతురి చీర కొంగు మీద శనక్కాయ తీగ కావాలన్నారు. ప్రశాంతి పదకొండు రోజులు కూర్చొని గీసింది. నిన్న సాయంత్రం దేవప్ప డిజైను కోసం వస్తే కంప్యూటర్లోనూ లేదు, సర్వర్లోనూ లేదు.

"గీసింది నేనూ చూసినా," అన్నాడు శెట్టి. "మరి యాడికి పోయినట్టు? వీధి చివర ఇంకోడు కొత్తగా సెంటరు పెట్టినాడు. నేను ఎవరినీ ఏమీ అనను. కానీ డిజైనుకు కాళ్లు రావు గదా."

ఏమీ అనని శెట్టి నిన్న ఇదే మాట దేవప్ప ముందర అన్నాడు. ఆరేళ్లు పనిచేసిన చోట ప్రశాంతికి దొంగ అన్న పేరు పడింది. ధర్మవరంలో డిజైన్లు అమ్ముకుందన్న మాట పుడితే ఆ మనిషికి ఇంకెవరూ పని ఇవ్వరు.

"ఓబులేసన్నా," అంది ప్రశాంతి. "నేను చెరపలేదు. ఎవరికీ ఇయ్యలేదు. నువ్వు చూసి ఏదుంటే అది చెప్పు. నాకోసమని ఏం కలపొద్దు."

కలపకుండా చెప్పడం ఓబులేసుకు పుట్టాక అలవాటు లేదు. అయినా తలూపి సర్వరు ముందు కూర్చున్నాడు. ఏ కంప్యూటర్ నుంచి ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది సర్వరు రాసుకుంటుంది. చెరిపినట్టు ఎక్కడా లేదు. ఆ మాటకొస్తే పదకొండు రోజులుగా ప్రశాంతి కంప్యూటర్ నుంచి ఒక్క ఫైలు కూడా వచ్చినట్టు లేదు.

"చూసినావా," అన్నాడు శెట్టి.

"చూసినా. దొంగిలించేటోళ్లు నకలు తీసుకొని పోతారు శెట్టిగారూ. సర్వర్లోకి అసలు రాకుండా ఎందుకు చేస్తారు?" ఓబులేసు ప్రశాంతి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ పదకొండు రోజులూ నీ ఫోల్డరులో పాత డిజైన్లు కనపడినాయా?"

"లేదన్నా, ఖాళీగా ఉండింది. పాతవన్నీ వేరే చోటికి ఎత్తిపెడతానని శెట్టిగారు అంటా ఉండ్రి. ఎత్తేసినారనుకున్నా."

"ఎత్తిపెడదామని అనుకున్నా, ఎత్తలేదు," అన్నాడు శెట్టి.

"మళ్లీ ఎప్పుడు వచ్చినాయి?"

"నిన్న మధ్యాన్నం కరెంటు పోయె. నా కంప్యూటర్ బ్యాటరీ ఆగలా. మళ్లీ వేస్తే పాతవన్నీ వచ్చి కూర్చున్నాయి. నాది లేదు."

ఓబులేసు వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు రోజుల కింద అమావాస్య మర్నాడు.

అమావాస్య నాడు ఇక్కడ మగ్గం ముట్టరు. శెట్టి సెంటరూ అంతే. కంప్యూటర్లు తుడిచి, కుంకుమ పెట్టి, బ్యాటరీలతో సహా అన్నీ ఆర్పేస్తారు. మర్నాడు టెంకాయ కొట్టి శెట్టి తన చేత్తో మెయిన్ స్విచ్ వేస్తాడు. వాళ్ల నాయన మగ్గాల షెడ్డు నడిపిన రోజుల నుంచి అదే పద్ధతి. ఒక్క చేత్తో వేస్తే అన్నీ ఒక్కసారే లేవాలి.

ఇన్నేళ్లు లేచాయి కూడా. కానీ కిందటి నెల సర్వరుకు పెద్ద డిస్కు వేశారు. అప్పటి నుంచి దానికి ఒళ్లు విరుచుకోవడానికే నాలుగు నిమిషాలు పడుతోంది. కంప్యూటర్లు అర నిమిషంలో లేచి, సర్వరును ఒక్కసారి పిలిచి, పలకకపోతే ఊరుకున్నాయి. మిగతా మూడింటి మీద పనిచేసేవాళ్లు సాయంత్రం ఆర్పి పొద్దున వేస్తారు కాబట్టి అవి మర్నాటికి సర్దుకున్నాయి. ప్రశాంతి మాత్రం కొంగు గీసినన్నాళ్లూ ఆర్పనే లేదు.

డిస్కు వేసింది ఎవరయ్యా అంటే ఓబులేసు. ఒక్కసారి పిలిచి ఊరుకోమని కంప్యూటర్లకు చెప్పిందీ ఓబులేసే.

వైరస్ అనేస్తే సరిపోతుందని అతనికి తోచింది. వైరస్‌కు నోరు లేదు, కాదని చెప్పడానికి రాదు. కానీ అదేం వైరస్, ఒక్క కొంగే తిని కడుపు నింపుకుందా అని శెట్టి రేపు మళ్లీ వీధి చివరికే చూస్తాడు. ఓబులేసు ప్రశాంతి కుర్చీలో కూర్చొని, సర్వరు నుంచి వచ్చిన ఫోల్డరును కంప్యూటర్ నుంచి విడదీశాడు.

పాత డిజైన్లన్నీ మాయమయ్యాయి. వాటి వెనక ఒక్క ఫైలు మిగిలింది. తెరిచాడు. ఆకులు, పసుపుపచ్చ పూలు, మన్నులోకి దిగిన ఊడలు, వాటి చివర కాయలు. తెర నిండా శనక్కాయ తీగ.

ప్రశాంతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదెట్లప్పా?" అన్నాడు శెట్టి.

"మీ ఇంట్లో గోడకు గూడు ఉండాది అనుకోండి. దాని ముందర బీరువా వచ్చి నిలబడాల. ఒకరోజు బీరువా రాలేదు. ఈ అమ్మాయి గూట్లోనే నగ పెట్టుకుంటా వచ్చింది. నిన్న బీరువా వచ్చి అడ్డం నిలబడింది. నగ యాడికీ పోలేదు, గూట్లోనే ఉండాది."

"బీరువా ఎందుకు రాలేదు?"

"నేను చేసిన ఏర్పాటులో తప్పు. సర్వరు లేచేదాకా కంప్యూటర్లను ఆగమని చెప్పాల్సింది, చెప్పలేదు. నా జన్మలో ఇది మొదటి తప్పు."

"మొదటిదా?"

"మీకు తెలిసినవాటిలో."

శెట్టికి నవ్వొచ్చింది గానీ, ప్రశాంతి ముఖం చూసి మింగేశాడు.

"ఏదో అనేసినాలేమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

"నాకు కాదు చెప్పాల్సింది," అంది ప్రశాంతి. గొంతు పెరగలేదు. "నిన్న ఎవరి ముందర అన్నారో వాళ్ల ముందర చెప్పండి."

శెట్టి ఒక క్షణం కండువా సర్దుకున్నాడు. తర్వాత గుమ్మం దాకా తనే నడిచి వెళ్లాడు. "దేవప్పా, నిన్న నేనన్నది తప్పు. డిజైను ఈడనే ఉండాది. ప్రశాంతి యాడికీ ఇయ్యలేదు."

"నాకు నిన్ననే తెలుసు శెట్టీ," అన్నాడు దేవప్ప స్టూలు మీద నుంచి లేస్తూ. "దొంగసొమ్ము తిన్నోళ్లు ముదిగుబ్బ బస్సులో నిలబడి పోతారా?"

"తెలిస్తే నిన్ననే అనొచ్చు గదా."

"నువ్వు నన్నడగలేదు."

ఓబులేసు కొంగును సర్వర్లోకి చేర్చి, ఇంకో నకలు కూడా తీసిపెట్టాడు. సర్వరు పలికేదాకా కంప్యూటర్లు పిలుస్తూనే ఉండేలా చేశాడు. బీరువా రాని రోజు గూట్లో ఎవరూ ఏమీ పెట్టలేకుండా తాళం వేశాడు. ఇక స్విచ్ సంగతి మిగిలింది. ముందు సర్వరు వేసి, ఒక టీ తాగి, తర్వాత మిగతావి వేయమన్నాడు.

"అయితే టెంకాయ దేనికి కొట్టాల?" అన్నాడు శెట్టి.

"సర్వరుకే కొట్టండి. పెద్దది గదా."

అది శెట్టికి నచ్చింది.

దేవప్ప తెర దగ్గరికి వచ్చి కళ్లు చికిలించి చూశాడు. కాయలు బాగున్నాయి గానీ అంచు దగ్గర ఖాళీగా ఉందన్నాడు. శెట్టి గుమ్మంలో నిలబడి ఇంకా వెళ్లలేదు.

"ఏమ్మా," అన్నాడు చివరికి, "రేపు వస్తావు గదా?"

ప్రశాంతి అప్పటికే మౌసు అందుకుంది.

"రేపటి మాట రేపు. ఆ ఖాళీలో ఇంకా రెండు వరసల కాయలు వేయాల. కొంచెం పక్కకు జరగండి, వెలుతురు పడలా."

శెట్టి పక్కకు జరిగాడు.