రావద్దని పిలిచిన కురుమయ్య

పాలమూరు సీమలో, ఆత్మకూరుకు దక్షిణంగా, కృష్ణ వైపు మెల్లగా జారిపోయే ఎర్రనేలల మధ్య ఒక పల్లె. అక్కడ కురుమయ్యకు డెబ్బై గొర్రెలూ, ఒక పెంకుటిల్లూ, తిన్నగా నడవడం రాని నాలుకా ఉండేవి.

వానకు ఎవరి గోడైనా కూలితే పోయి చూసేవాడు. "ఏం అదృష్టమే నీది! ఇంట్ల గాలి మంచిగ ఆడుతది" అనేవాడు. పగలంతా గుక్కపట్టి ఏడ్చే పసివాణ్ణి ఎత్తుకుని, "పాపం, నోరులేనోడు" అని జాలిపడేవాడు. ఎండకు బీడు పగుళ్లిచ్చిన ఏడు, "ఈ యాడాది గొర్రెలకు దుమ్ము మస్తుగున్నది, మేత ఫికరే లేదు" అన్నాడు. జనం నవ్వేవారు. కష్టంలో ఉన్నవాడు కూడా ఒక్కోసారి నవ్వేవాడు. నవ్వితే బరువు కాస్త పక్కకు ఒరిగేది.

ఆయన తొలిచూలు బిడ్డ జ్వరంతో పోయినప్పుడు కూడా అంతే. "పోనీ, చిన్న గొంగడి నేసే పని తప్పింది" అన్నాడు. ఆ మాటకు ఎవరికీ నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన ముద్ద ముట్టలేదని భార్య బీరమ్మకు ఒక్కదానికే తెలుసు. వేడి కుండను గుడ్డతో పట్టుకున్నట్టు, బతుకును ఆయన మాట తిరగేసి పట్టుకునేవాడు. చేయి కాలకుండా పట్టుకునే మరో దారి ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆ పల్లెలో గొర్రెల బొచ్చు కత్తిరించడానికి కూలి లేదు. ఇవాళ నీ మందకు నేను, రేపు నా మందకు నువ్వు. ముందు రోజు గొర్రెలను వాగు మడుగులో కడిగి, దుమ్ములో పొర్లకుండా బండల మీద ఆరబెట్టేవారు. సాయంత్రం మంద యజమాని ఇల్లిల్లూ తిరిగి స్వయంగా పిలవాలి. పొద్దున్నే అందరూ కత్తెరలతో వచ్చి వరసగా కూర్చునేవారు. కాళ్లు కట్టిన గొర్రె పక్కకు ఒరిగి కళ్లు మూసుకునేది. నల్లని ఉన్ని, రాత్రి ముక్కలు ముక్కలుగా ఊడిపడుతున్నట్టు, పాయలు పాయలుగా నేల మీద పేరుకునేది.

ఆ వరస మధ్యలో కురుమయ్య ఉంటే పని రెండింతలు సాగేది. పక్కవాడి మీద పడ్డ మాటకు ప్రతివాడూ నవ్వేవాడు. తన వంతు ఎప్పుడొస్తుందోనని లోపల కాస్త ముడుచుకునేవాడు కూడా.

ఇది నందికొండ దగ్గర కృష్ణకు కట్ట లేస్తున్న కాలపు మాట. పాలమూరు నుంచి మనుషులు గంపలూ పలుగులూ పట్టుకుని మందలు మందలుగా అక్కడికి పనికి పోయేవారు. కురుమయ్యకు వరసకు చెల్లెలయ్యే జానమ్మ కొడుకు భీమయ్య కూడా పోయాడు. రెండేళ్లకు, ఒక ఎండాకాలం, వేళ్ల దాకా వచ్చే పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తిరిగొచ్చాడు. అంత ఎండలోనూ కుడిచేతి గుండీ విప్పేవాడు కాదు. దొరబాబు అయ్యాడని ఊరు మురిసింది. రాయి జారి పడి ఆ చేతి వేళ్లు నలిగిపోయాయనీ, అవి మళ్లీ సరిగా ముడుచుకోవనీ తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు మొదటి కత్తెర లచ్చయ్య ఇంట్లో పడింది. లచ్చయ్య కురుమయ్యకు వరసకు బావమరిది. భీమయ్య కూడా వచ్చి వరస చివర కూర్చున్నాడు. కత్తెర వాడి చేతిలో నిలవలేదు. గొర్రె డొక్క మీద తోలు తెగి నెత్తురు వచ్చింది.

కురుమయ్య చూశాడు.

"ఏం పనితనమే అల్లుడా! కొండలు పగలగొట్టిన చెయ్యి గద. గొర్రెను గూడ బండనుకున్నట్టుంది పాపం. జర సూస్కోని కొట్టు, లోపట్నుంచి కృష్ణ బయటికి ఉరుకుతది!"

అందరూ నవ్వారు. లచ్చయ్య కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. భీమయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే కత్తెరను ఉన్నికి తుడిచి కింద పెట్టి, "నీళ్లు తాగొస్త" అని లేచి పోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత రెండు ఇళ్లలో కత్తెర పడింది. అక్కడికీ రాలేదు.

ఉన్ని వడికేచోట జానమ్మ చెబితే విని, బీరమ్మ ఇంటికొచ్చి మొగునితో అంది. "వాని చెయ్యి నలిగిందంట. వేళ్లు ముడువరావంట. నువ్వు గాడనే పొడిస్తివి."

కురుమయ్య తెల్లారి లేచి జానమ్మ ఇంటికి పోయాడు. దారిపొడుగునా మనసులో ఒక మాట పట్టుకునే పోయాడు. గుమ్మం ముందు భీమయ్య కనబడగానే నోరు తన పాత దారినే పట్టింది.

"ఏం దొరా, సర్కారు పని జేసొచ్చినంక మా గొర్రెలు కంపు గొడ్తున్నయా?"

మళ్లీ రమ్మని చెప్పడమే ఆయన ఉద్దేశం. భీమయ్య లోపలికి పోయాడు. జానమ్మ బయటికి వచ్చింది. "పో కురుమన్నా. మా దొర పండుకున్నడు" అని తలుపు దగ్గరగా వేసింది.

వానలు మొదలయ్యే మిరుగం కార్తెకు ఇంకా మూడు రోజులున్నాయనగా కురుమయ్య గొర్రెలను కడిగాడు. వాన పడేలోపు కత్తిరించకపోతే ఉన్ని తడిసి, బురద పట్టి, ఉండలు కడుతుంది. ఆ ఏటి గొంగళ్లన్నీ ఆ ఉన్నిలోనే ఉన్నాయి. సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాడు. పదిహేనేళ్లుగా ఆయన పిలుపు ఒక్కటే.

"రేపు నా కాడికి ఎవ్వలు రావద్దు. డెబ్బై గొర్రెలు నేనొక్కన్నే కత్తిరించుకుంట, రొట్టెలన్ని నేనే తింట!"

"అట్లనే బావా" అన్నాడు లచ్చయ్య. మిగతావాళ్లు తలలూపారు. ఎవరూ నవ్వలేదన్న సంగతి కురుమయ్య గమనించలేదు.

బీరమ్మ తొలికోడికే లేచి జొన్నరొట్టెలు కాల్చింది. పప్పు ఉడికింది, పచ్చిపులుసు కలిపింది. పొద్దు గుట్ట మీదికి వచ్చింది. వాకిట్లో పరిచిన గోనెసంచుల మీద ఎండ ఒక్కటే వచ్చి కూర్చుంది. కురుమయ్య ఒక గొర్రెను కత్తిరించాడు. రెండోది కత్తిరించాడు. దక్షిణాన, నది ఉన్న వైపు, మబ్బు అంచు నీలంగా లేస్తోంది.

కత్తెర పక్కన పడేసి లచ్చయ్య ఇంటికి పోయాడు. లచ్చయ్య మంచం మీద కూర్చుని తాడు పేనుకుంటున్నాడు.

"ఏందిరా, ఇంక లేవలే?"

"నువ్వే రావద్దంటివి గద బావా. పెద్దోనివి. నీ మాట కాదంటమా?"

కురుమయ్య గొంతు దాకా నవ్వు వచ్చి అక్కడే ఆగిపోయింది. "నవ్వులాట సాలు, లే. మొగులైతాంది."

లచ్చయ్య తాడు పక్కన పెట్టాడు. "నవ్వులాట గాదు. ఆ పొద్దు నేను గూడ నవ్విన, అందరికంటె ఎక్కువ నవ్విన. వాని సంగతి తెల్సినంక నాకు అన్నం సయిస్తలేదు. నీకు నోరుండె, నాకు బుద్ధన్న ఉండాలె గద. వాడొస్తే మేమందరం వస్తం. లేకుంటే రాం. గిదే మాట మీదున్నం."

కురుమయ్య ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. బీరమ్మ సంగతి విని రొట్టెల గంప మీద గుడ్డ కప్పింది.

"పోయి ఒక్కపారన్న సీదగ అడుగు."

"సీదగ ఎట్ల అడుగుతరే?"

"నోరు తెరిచి 'రా' అంటరు. అంతే."

యాభై ఏళ్ల మనిషికి ఆ వీధి అంత పొడుగుగా ఎప్పుడూ కనబడలేదు. భీమయ్య చూరు కింద ఎడమచేత్తో మేకపిల్లకు ఆకు అందిస్తున్నాడు. కురుమయ్య ఎదురుగా నిలబడ్డాడు. నాలుక మీదికి ఒకదాని వెనుక ఒకటి వంకరమాటలు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మింగాడు.

"భీమయ్యా. ఈ పొద్దు నా ఇంట్ల కత్తెర. ఎవ్వలు రాలె. నువ్వు రా."

"నేనేం జేస్త మామా?" భీమయ్య తలెత్తలేదు. "కొండలు పగలగొట్టిన చెయ్యి. నీ గొర్రెలు బతకాలె గద."

తన మాట తన మీదికే తిరిగి వచ్చింది. దానికి పది జవాబులు ఇవ్వగలిగిన మనిషి మేకపిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు.

"గా మాట తప్పు. తెల్సినంక మొన్న జెప్పుదామనే వచ్చిన. నోట్లకెళ్లి ఇంకోటి వచ్చె. నాకు జెప్పరాదు అల్లుడా. ఎన్నడు రాలె."

భీమయ్య ఆకు కింద పెట్టి ఆ ముఖం చూశాడు. తర్వాత కుడిచేతి గుండీ విప్పి, చేయి చాచి, ముడవగలిగినంత ముడిచి చూపించాడు. వేళ్లు సగం వంగి, గాలిలో ఏదో పట్టుకోబోయి మరిచిపోయినట్టు ఆగిపోయాయి.

"గింతే ముడుస్తది."

"గొర్రె కాళ్లు పట్టుకుంటవా?"

"ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది."

ఇద్దరూ వీధిలో నడిచి వస్తుంటే, ఒక్కో ఇంట్లోంచి ఒక్కో మనిషి కత్తెర పట్టుకుని బయటికి వచ్చాడు. వాళ్ల వెనకే నడిచారు.

పని మొదలైంది కానీ సాగలేదు. కురుమయ్య పెదవి విప్పడం లేదు. కత్తెరల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ కత్తెరలు అంత చప్పుడు చేస్తాయని అంతవరకూ ఎవరికీ తెలియదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పాతిక గొర్రెలు కూడా కాలేదు.

"ఒక్క మాటన్న అనరాదు బావా?" అన్నాడు లచ్చయ్య. "చేతులు పడిపోతున్నయ్."

కురుమయ్య తల అడ్డంగా ఊపాడు.

ఆయన ముందే గొర్రె కాళ్లు మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్న భీమయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఊకుండున్రి లచ్చన్నా. మామ మునీశ్వరుడైండు. ఇంకో రెండు దినాలు గిట్లనే ఉంటే గుట్ట మీద గుడి గడ్దాం. గొర్రెలు గూడ వచ్చి మొక్కుతయి, నోరు మూసినందుకు!"

వాకిలి ఒక్కసారిగా గొల్లుమంది. రొట్టెల గంప దగ్గర బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కురుమయ్యకు డొక్కలో ఎక్కడో చిన్నగా పొడిచినట్టయింది. ఆ వెంటనే ఆ నవ్వు, చంకల కింద చేతులేసి లేపినట్టు, ఆయన్ని పైకి లేపింది. ఎలా జరిగిందో ఆయనకు కాసేపు అర్థం కాలేదు. మాట అంటున్నంతసేపూ, అన్నాక కూడా, భీమయ్య కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి. నొప్పి తగిలితే అక్కడే ఆపేసేలా ఉన్నాయి ఆ కళ్లు. తను మాత్రం ఇన్నేళ్లూ మాట విసిరాక నవ్వేవాళ్ల వైపే చూశాడు.

"గుడి గడితె కడ్తివి గని," అన్నాడు కురుమయ్య. "పూజారివి నువ్వే గావాలె అల్లుడా. దినాం పొద్దున నా మూతి కడుగుడు నీ పనే."

ఆ తర్వాత చేతులు కదిలాయి. మాటలూ కదిలాయి. లచ్చయ్య మీద ఒకటి పడింది, బీరమ్మ పప్పు మీద రెండు పడ్డాయి. మబ్బు ఇంటి మీదికి వచ్చేసరికి యాభై తొమ్మిది గొర్రెలు తేలికై, సన్నబడి, ఒకదాన్నొకటి గుర్తుపట్టలేక అరుస్తున్నాయి.

మొదటి చినుకులు పెద్దవిగా పడ్డాయి. అందరూ ఉన్ని మూటలు ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తారు. కత్తెర పడని పదకొండు గొర్రెలు వానలో తలలు వంచి నిలబడ్డాయి. పొద్దున్న పోగొట్టుకున్న పూట బరువు వాటి వీపుల మీద నల్లగా తడుస్తోంది. మూడు గొంగళ్ల ఉన్ని. కురుమయ్య గుమ్మంలో నిలబడి వాటిని చూశాడు. ఆ నష్టం మీద కూడా మాట తిరగేయలేదు. "పాయె" అన్నాడు, ఊరికే.

లోపల అందరూ గోడల వెంట ఒదిగి కూర్చున్నారు. బీరమ్మ పళ్లేలు పెట్టింది. జొన్నరొట్టెలు పొద్దుటివి, గట్టిపడ్డాయి. భీమయ్య పదిమంది ముందు మొదటిసారి ఎడమచేయి పళ్లెంలో పెట్టాడు. ఒక్క చేత్తో రొట్టె తుంపబోయాడు. రొట్టె పళ్లెంలో గిర్రున తిరిగింది. నమిలేవాళ్లు ఒకరిద్దరు ఆగారు. అలవాటు కొద్దీ చూపులన్నీ కురుమయ్య వైపు తిరిగాయి.

మాట ఆయన నాలుక చివరనే ఉంది. బాగుండేది కూడా. ఆయన భీమయ్య ముఖం చూశాడు. భీమయ్య పళ్లెం లోంచి కళ్లెత్తలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కురుమయ్య ముందుకు వంగి ఆ రొట్టెను అందుకున్నాడు. చిన్న చిన్న తునకలు చేసి, పప్పు పోసి, పళ్లేన్ని వాడి ఎడమ చేతి వైపు జరిపాడు. పక్కవాళ్లు మళ్లీ నమలడం మొదలుపెట్టారు. బయట వాన పెంకుల మీద చిక్కబడుతోంది.

"పచ్చిపులుసు గూడ జర పొయ్యి మామా" అన్నాడు భీమయ్య.

కురుమయ్య పోశాడు.