కత్తెరక్క

ఇప్పుడు ఆ వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను కత్తెరక్క అనే పిలుస్తారు. ఆరేళ్ల కిందట ఆమెకు ఆ పేరు లేదు. అప్పుడామె మేస్త్రి భార్య, అంతే. మేస్త్రి అంటే బస్టాపు ఎదురుగా రెండు కుర్చీల సెలూన్ నడిపే మనిషి. ఇరవై ఎనిమిదేళ్లు ఆ షాపులో ఆయన కత్తెర చప్పుడు ఆగలేదు. అన్నేళ్లలోనూ ఆమె ఒక్కసారి కూడా లోపలికి వెళ్లి కూర్చున్నది లేదు. మధ్యాహ్నం క్యారియరు తెచ్చినా గుమ్మం బయటినుంచే అందించి వెళ్లిపోయేది. నురగ మొహాల మగవాళ్ల మధ్య తనకేం పని అనుకునేది. ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టుకునేది. మొగుడు సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని పడుకునేవాడు. మాటకారి కాడని ఆమె ఎప్పుడో తీర్మానించేసుకుంది.

ఒక సోమవారం పొద్దున లెక్కల మాస్టారికి గడ్డం గీస్తుండగా మేస్త్రి చేతిలోంచి కత్తి జారిపడింది.

"ఏం మేస్త్రీ, నిద్ర చాల్లేదా?" అని మాస్టారు నవ్వారు.

అద్దంలో చూస్తే మేస్త్రి నోరు ఒక పక్కకు వంకరపోతోంది, కుడికాలు మడత పడుతోంది. రిటైరై ఐదేళ్లయిన మాస్టారు, మెడకు కట్టిన గుడ్డతోనే లేచి, మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టి, రోడ్డు మీదకు పరిగెత్తి ఆటో ఆపారు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో మాస్టారు ఆసుపత్రిలోకి దూసుకొస్తుంటే, నర్సు ఎవరు రోగో పోల్చుకోలేక ముందు ఆయన్నే పడుకోమందట.

సమయానికి తెచ్చారు కాబట్టి మనిషి దక్కాడన్నారు డాక్టరు. ప్రాణం దక్కింది, కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది, మాట కూడా మెల్లగా, ముక్కలుగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు.

మూడు నెలలు షాపు షట్టర్ దించే ఉంది. ఒకరోజు మరిది వచ్చి కాసేపు అటూ ఇటూ మాట్లాడి, చివరికి అసలు సంగతి చెప్పాడు.

"వదినా, అన్నయ్య చెయ్యి ఇక కత్తెర పట్టదు. షాపు ఎవరికైనా అప్పజెప్పేద్దాం."

మంచం మీద మేస్త్రి గోడవైపు తిరిగిపోయాడు. ఆయన భుజం కదులుతుండటం ఆమె చూసింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. ఏమీ ఆలోచించుకోకుండా ఆమె నోట్లోంచి మాట వచ్చేసింది.

"నాకు నేర్పండి. బట్టలు కత్తిరిస్తున్నానుగా, జుట్టు కత్తిరించలేనా?"

మేస్త్రి ఇటు తిరిగాడు. "బట్ట... కదలదు. మనిషి... కదుల్తాడు," అన్నాడు. కానీ ఆ సాయంత్రమే బెలూన్లు తెప్పించాడు.

గడ్డం గీయడం నేర్చుకునేది బెలూన్ మీదేనని ఆమెకు అప్పుడే తెలిసింది. ఊదిన బెలూన్‌కు నురగ పూసి, అది పగలకుండా కత్తితో ఆ నురగ తియ్యాలి. మొదటి రోజు పదకొండు బెలూన్లు పగిలాయి. పదకొండోది పగిలినప్పుడు నురగంతా ఎగిరి మేస్త్రి ముక్కు మీద పడింది. ఆయన నవ్వాడు. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు, అదీ ఒక పక్కకే వచ్చింది. ఆమె కత్తి పక్కన పెట్టి ఆ నవ్వును కళ్లారా చూసుకుంది.

జుట్టు కత్తిరించడం నేర్చుకోవడానికి మరిది తన తల ఇచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు టోపీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. "పర్లేదు వదినా, మా ఆఫీసులో చలి ఎక్కువలే," అన్నాడు పాపం.

షాపు తెరిచిన రోజు పదకొండు దాటినా ఎవరూ లోపలికి రాలేదు. కొందరు తొంగి చూసి, "మేస్త్రి లేడా?" అని, ఆమె చేతిలో కత్తెర చూసి, "మళ్లీ వస్తాంలే," అని జారుకున్నారు. ఆమె అప్పటికి నాలుగుసార్లు అద్దాలు తుడిచింది. ఐదోసారి తుడుస్తుండగా లెక్కల మాస్టారు వచ్చి నేరుగా కుర్చీలో కూర్చున్నారు.

"ఆ రోజు పని సగంలో ఆగిపోయింది కదమ్మా. మిగతా సగం నువ్వు కానివ్వు."

"తెగుతుందేమో మాస్టారూ. ఇప్పటిదాకా బెలూన్ల మీదే గీశాను."

"తెగితే పటిక రాస్తావు. తప్పు చేస్తే కొట్టేసి మళ్లీ చెయ్యండర్రా అని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. ఇప్పుడు నా గడ్డం మీదికి వచ్చిందని మాట మార్చనా?"

రెండుచోట్ల తెగింది. మాస్టారే పటిక అందించారు. ఆ నెలంతా రోజు విడిచి రోజు వచ్చారు, గడ్డం మొలిచినా మొలవకపోయినా. ఆయన్ను చూసి ఒకరు, ఆ ఒకర్ని చూసి ఇంకొకరు. మెల్లగా బెంచీ నిండసాగింది.

షాపు పుంజుకునేకొద్దీ మేస్త్రి మాత్రం ముడుచుకుపోయాడు. ఒక సాయంత్రం ఆమె ఇంటికి రాగానే, "నా కుర్చీ... నీకు బాగా... కుదిరింది," అన్నాడు. ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. కూరగాయలు తరిగే వంకతో వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చింది. ఏడుస్తుండగానే ఆయన వైపు నుంచీ ఆలోచించింది. మర్నాడు పొద్దున ఆయనకు చెప్పులు తొడుగుతూ అంది.

"షాపుకు రండి. మెడ వెనకాల జుట్టు నాకు సరిగ్గా రావట్లేదు. అడుగుదామంటే మీరేమో ఇక్కడుంటారు."

అది ఓదార్పు కోసం అన్న మాట కాదు, నిజమే. అందుకే ఆయన లేచాడు. ఆనాటి నుంచి తలుపు పక్క స్టూలు ఆయనది.

ఇంకో రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, తలకు స్కార్ఫు కట్టుకున్న ఒకామె బస్టాపులో నిలబడి మూడు బస్సులు వదిలేసింది. చివరికి రోడ్డు దాటి గుమ్మంలోకి వచ్చింది.

"ఇక్కడ ఆడవాళ్లు చేస్తారని విన్నానక్కా. నాకు ట్రీట్‌మెంట్ జరుగుతోంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది. పొద్దున్నే దిండు మీద చూడలేకపోతున్నా. మొత్తం తీసేస్తారా?"

కత్తెరక్క ఏదో అనేలోగా మేస్త్రి కర్ర పట్టుకుని లేచాడు. బయటికి నడిచి, ఎడమచేత్తో షట్టర్ సగానికి దించి, వాకిట్లో నిలబడ్డాడు. వచ్చినవాళ్లకల్లా "అర... గంట," అని చెప్పడం లోపలికి వినిపిస్తూనే ఉంది.

జుట్టు పనిలో మేస్త్రి కత్తెరక్కకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. ముందు తల మీద చెయ్యి పెట్టు, కాసేపు ఉంచు, ఆ తర్వాతే కత్తెర తియ్యి. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు, పనిలో పద్ధతి అనుకుంది. ఆ రోజు కుర్చీని అద్దం వైపు నుంచి పక్కకు తిప్పి, ఆ తల మీద అరచెయ్యి ఆనించింది. అంతే, ఆ మనిషి భోరుమంది. కత్తెరక్క చెయ్యి తియ్యలేదు. ఏడుపు దానంతటది తగ్గేదాకా ఉంచి, గోరువెచ్చని నీళ్లతో తడిపి, ఒక్క గాటు కూడా పడకుండా తీసింది. వచ్చినామె తన తలను తానే నిమురుకుని, "తేలిగ్గా ఉందక్కా," అంది. వెళ్లేముందు కత్తెరక్క చేతిని తీసుకుని కళ్లకు అద్దుకుంది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ, ముందు తల మీద చెయ్యి ఎందుకు పెట్టమన్నావని కత్తెరక్క మొగుణ్ని అడిగింది. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, ఒక్కొక్క మాటే చెప్పాడు. ఇంట్లో గొడవపడి వచ్చేవాళ్లుంటారు. ఉద్యోగం పోయినవాళ్లుంటారు. భార్య పోయినవాళ్లుంటారు. కొందరిని ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్లయిందో. చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది.

"ఇన్నేళ్లూ ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?"

"కుర్చీలో... చెప్పింది... ఇంటికి తేకూడదు."

ఆమె ఆయన మందకొడి నడకకు తన నడక కలిపి, మిగిలిన దారంతా ఆయన పని చెయ్యని చేతిని తన చేతిలో పట్టుకునే నడిచింది.

ఇప్పుడు వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ సెలూన్ ఆడవాళ్లదే. జబ్బుతో ఉన్నవాళ్లు వస్తారు, మోకాళ్లు వంగని పెద్దవాళ్లు వస్తారు, ఊరికే కాసేపు కూర్చుందామనీ వస్తారు. వేడి తువ్వాళ్లు పిండి అందించేది మేస్త్రే, ఎడమచేత్తో.

మొన్నీమధ్య లెక్కల మాస్టారు జుట్టు కత్తిరింపించుకుంటూ అన్నారు, "చాలా కష్టపడ్డావమ్మా."

"ఆయనకు జబ్బు రాకుండా ఉంటే ఎంత బావుండేదో, రోజూ అనుకుంటాను మాస్టారూ," అందామె. "కానీ నేను ఎలాంటి మనిషితో కాపురం చేస్తున్నానో ఇక్కడికొచ్చాకే తెలిసింది. లేకపోతే తెలియకుండానే బతుకు గడిచిపోయేది. అది తెలిసినందుకు ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలీక, ముందు మీకే పెడుతున్నా."

కత్తెర చేత్తోనే దణ్ణం పెట్టింది. స్టూలు మీద మేస్త్రి ఏమీ విననట్టు మడిచిన తువ్వాలునే మళ్లీ విప్పి మడిచాడు. కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారి... ఎడమ చెవి పక్కన... వదిలేశావ్."

"చూశాన్లెండి," అని ఆమె ఆ చెవి వైపు తిరిగింది.